చింపకుండా విప్పండి: నాన్న పాత చొక్కాలు రెండింటితో డీకన్‌స్ట్రక్షన్ ఎలా చేయాలి

మీ ఇంటి బీరువాలో నాన్న పాత చొక్కాలు రెండు ఉండే ఉంటాయి. ఒకటి ఆయన సన్నగా ఉన్నప్పటిది, ఇంకొకటి ఒళ్లు వచ్చాక కుట్టించుకున్నది. కొండకు వెళ్లడానికి కొని, దర్శనం అయ్యాక ఉతికి మడిచి పెట్టేసిన పంచె కూడా ఒకటి దొరుకుతుంది. తిరుపతిలో అలాంటి పంచె లేని ఇల్లు నేను చూడలేదు. ఈ మూడింటినీ కలిపి ఆడపిల్లలు వేసుకునే చొక్కా ఎలా కుట్టాలో చెబుతాను. రెండు ఆదివారాలు పడుతుంది. మొదటి ఆదివారమంతా విప్పడానికే సరిపోతుంది. విప్పడమే ఇందులో అసలు పని, కాబట్టి తొందరపడకండి.

నేను ఇంట్లోనే కుట్టు నేర్పుతాను. డీకన్‌స్ట్రక్షన్, అంటే బట్టను విప్పి కొత్తగా కుట్టడం, నేర్చుకోవాలని వచ్చే పిల్లలు చాలామంది ముందుగా కత్తెర పట్టుకుంటారు. మోకాళ్ల దగ్గర చింపిన జీన్స్ చూసి, ఇదీ అదే అనుకుంటారు. రెండింటికీ చాలా తేడా ఉంది. చింపితే బట్ట ఎలా పాడవుతుందో తెలుస్తుంది. విప్పితే అది ఎలా తయారైందో తెలుస్తుంది.

డీకన్‌స్ట్రక్షన్ అనే మాట మొదట బట్టలది కాదు. జాక్ డెరిడా అనే ఫ్రెంచ్ తత్వవేత్త 1960ల చివర్లో రాతల గురించి మాట్లాడుతూ దీన్ని వాడారు. పైకి నున్నగా కనిపించే రాతను విప్పి, అది దేని మీద నిలబడిందో, దేన్ని దాచిందో చూడడం ఆయన పద్ధతి. 1980ల చివరికి ఫ్యాషన్ గురించి రాసేవాళ్లు ఆ మాటను బట్టలకు తెచ్చారు. అప్పటికే జపాన్‌కు చెందిన డిజైనర్ రే కవకుబో 1981 నుంచి పారిస్‌లో తన సంస్థ కామ్ దె గార్సాన్ బట్టలు చూపిస్తున్నారు. 1982లో ఆమె చేసిన నల్ల స్వెటర్ నిండా కన్నాలే. జనం దాన్ని చిరుగుల బట్ట అన్నారు. కానీ ఆ కన్నాలు చింపినవి కావు. అల్లే మెషీన్ మరలను వదులు చేసి, అల్లికలోనే కన్నాలు పడేలా చేశారు. మెషీన్ తప్పు చేస్తే బట్ట ఎలా ఉంటుందో చూపించారన్నమాట. బెల్జియంకు చెందిన డిజైనర్ మార్టిన్ మార్జెలా 1988లో పారిస్‌లో తన సంస్థ పెట్టి, లోపల ఉండాల్సిన లైనింగ్‌నూ కుట్లనూ బయటికి తెచ్చారు. ఆ సంస్థ బట్టల మెడ వెనక తెల్లని లేబుల్‌ను నాలుగు మూలలా నాలుగు పొడుగు కుట్లతో పట్టిస్తారు. ఆ కుట్లు బయటి నుంచి కనిపిస్తాయి. 1997లో టైలర్లు బట్ట వేసి చూసుకునే బొమ్మ ఒంటినే జాకెట్‌గా కుట్టారు.

చరిత్ర మనకు ఇంతవరకు చాలు. ఇక బీరువా తెరవండి.

ఏవి తీసుకోవాలి, ఏవి ముట్టుకోకూడదు

చొక్కాలు నూలువి అయితే మంచిది. సందేహం ఉంటే లోపలి అంచు నుంచి ఒక పోగు లాగి, గిన్నె మీద పట్టుకుని నిప్పు పెట్టండి. కాగితం కాలిన వాసన వచ్చి బూడిద రాలితే నూలు. కరిగి నల్లటి గట్టి ఉండ కడితే అందులో పాలిస్టర్ ఉంది. పాలిస్టర్ కలిసినా కుట్టొచ్చు. కానీ మన ఎండల్లో రెండు పొరలు కలిసిన చోట చెమట పట్టి చిరాకు పెడుతుంది. పైగా దాని అంచుల పోగులు నూలు పోగుల్లా మెత్తగా వాలవు, గుచ్చుకుంటున్నట్టు నిలబడతాయి.

తర్వాత ఒక్కొక్క చొక్కాను కిటికీకి ఎదురుగా పట్టుకుని చంక దగ్గరా, కాలర్ మడత దగ్గరా చూడండి. వెలుతురు జల్లెడలోంచి వచ్చినట్టు వస్తుంటే అక్కడ బట్ట అరిగిపోయింది. కాలర్ అరిగినా ఫర్వాలేదు, చంక అరిగితే మాత్రం వద్దు. కొత్త కుట్టు వేసిన నెలలోపే అక్కడ చిరుగుతుంది.

రెండు చొక్కాల సైజుల్లో తేడా బాగా ఉండాలి. నేను ఇక్కడ చెప్పే లెక్కకు చిన్నది 38 నంబరు, పెద్దది 42 అనుకుందాం. చిన్నది తెల్లది, పెద్దది నీలం చారలది అనుకోండి. మీకు ఏ రంగులు దొరికినా సరే, పక్కపక్కన పెడితే రెండూ వేరని తెలియాలి.

కొన్ని బట్టలు ముట్టుకోవద్దు. గుడిలో ఇచ్చిన శేషవస్త్రం ఎంత పాతదైనా కత్తెర పెట్టకండి. శ్రీకాళహస్తి కలంకారీ ముక్క ఉంటే, అందులో దేవుళ్ల బొమ్మలు ఉన్న భాగాన్ని ఇలాంటి పనికి వాడకండి. లతలు, పూలు ఉన్న అంచు అయితే సరే. చనిపోయినవాళ్ల బట్టలైతే ఇంట్లో అందరినీ అడగండి, ఒక్కరు వద్దన్నా పక్కన పెట్టేయండి. నాన్న బతికే ఉన్నా సరే, ఆయన చొక్కా విప్పే ముందు ఆయన్ని అడగాలి. నేను మా నాన్నను అడిగితే, ఆ చారల చొక్కా ఎప్పుడు కుట్టించుకున్నాడో, ఆ రోజు ఎవరి పెళ్లో పావుగంట చెప్పాడు. అది వినకుండా ఆ కుట్లు విప్పి ఉంటే నాకు సగమే తెలిసేది.

సామాను పెద్దగా ఏం అక్కర్లేదు. కుట్లు విప్పే చిన్న సాధనం గుండీలూ దారాలూ అమ్మే ఏ కొట్లోనైనా దొరుకుతుంది. సగం బ్లేడుతో కూడా విప్పొచ్చు గానీ, అది జారితే బట్టతో పాటు వేలు కూడా తెగుతుంది. గుండుసూదులు, టేపు, చాక్, ఇస్త్రీపెట్టె, పేపర్ టేపు, మెరూన్ రంగు దారం ఉంటే చాలు. మెషీన్ సూది 11 నంబరుది పెట్టుకోండి. పంచె బదులు వెంకటగిరి నూలు లాంటి సన్నటి బట్ట వాడితే 9 నంబరు.

విప్పే ముందు

చొక్కా తిరగేయండి. బయటి వైపు మనకు తెలిసిందే, లోపలి వైపు చాలామంది ఎప్పుడూ చూడరు. ఒక పుస్తకంలో చొక్కా బొమ్మ గీసుకుని, ఏ కుట్టు ఎక్కడ ఉందో, ఒక వరసో రెండు వరసలో రాసుకోండి. ఫోన్‌లో ఫొటోలు తీస్తే సరిపోదా అంటారు. ఫొటో మీ బదులు చూస్తుంది, గీస్తే మీరే చూస్తారు. నా దగ్గరికి వచ్చే పిల్లల చేత నేను రెండూ చేయిస్తాను.

ఇప్పుడు ప్రతి భాగం మీద పేపర్ టేపు ముక్క అంటించి పేరు రాయండి: కుడి ముందు, ఎడమ ముందు, వీపు, ఎడమ చేయి. పైకి ఎటు, కిందికి ఎటు అని ఒక బాణం గుర్తు కూడా వేయండి. విప్పాక రెండు చేతులూ ఒకేలా కనిపిస్తాయి, కానీ ఒకేలా ఉండవు. చేయి పైభాగంలో ఉండే కొండలాంటి వంపు ముందువైపు కాస్త ఎక్కువ లోతుగా ఉంటుంది, ఎందుకంటే మన చేతులు ముందుకే ఎక్కువగా కదులుతాయి. కుడిది ఎడమకు పెడితే వేసుకున్న ప్రతిసారీ వెనక్కి లాగుతుంది.

పెద్ద చొక్కా మొత్తం విప్పడం

పెద్ద చొక్కాను ముక్క ముక్కగా విప్పుతాం. చిన్నదాన్ని సగమే. చొక్కా కుట్టేటప్పుడు చివర వేసిన కుట్టు విప్పేటప్పుడు మొదట రావాలి. సాధారణంగా వరస ఇలా ఉంటుంది: ముందు చేతుల చివర కఫ్‌లు, తర్వాత కింది మడత, ఆపైన చంక కింద నుంచి అటు చేయి, ఇటు పక్క భాగం కలిపి వేసిన పొడుగు కుట్టు, ఆ తర్వాత భుజం దగ్గర చేతులు, కాలర్, చివరగా భుజాల మీది పట్టీ. దాన్ని టైలర్లు యోక్ అంటారు.

మామూలు మెషీన్ కుట్టులో రెండు దారాలు ఉంటాయి. పైది సూదిది, కిందది బాబిన్‌ది. రెండూ బట్ట మధ్యలో ఒకదాన్నొకటి పెనవేసుకుంటాయి. అందుకే ఒక చివర పట్టి లాగితే రాదు, బట్ట ముడతలు పడుతుంది. ఒక వైపు నుంచి ప్రతి నాలుగైదు కుట్లకూ ఒకటి తెంపుతూ చివరిదాకా పోండి. తర్వాత బట్ట తిప్పి, రెండో వైపు దారం లాగండి. తెగకుండా పొడుగ్గా ఒకటే పోగుగా వచ్చేస్తుంది. ఆ లాగిన దారం పారేయకుండా ఒక కవర్లో వేయండి, పని ఉంది.

ఫ్యాక్టరీలో కుట్టిన చొక్కా అయితే పక్కల్లో రెండు వరసల గొలుసు కుట్టు ఉండొచ్చు. బియ్యం బస్తా మూతి విప్పడం మీకు తెలిసే ఉంటుంది. సరైన చివర నుంచి దారం లాగితే సర్రున మొత్తం వచ్చేస్తుంది, తప్పు చివర నుంచి లాగితే ముడి పడుతుంది. ఇదీ అదే కుట్టు. ఒక చివర రాకపోతే రెండో చివర నుంచి చూడండి. ఓవర్‌లాక్ ఉంటే, అంచును చుట్టుకున్న దారాల జోలికి పోకుండా, నిటారుగా పోయే సూది దారాన్ని వెతికి దాన్ని లాగండి. మిగతావి వాటంతట అవే రాలిపోతాయి.

కాలర్‌నూ కఫ్‌లనూ చొక్కా నుంచి వేరు చేస్తే చాలు, వాటి పొరలు విప్పకండి. లోపల, గట్టిగా నిలబడడానికి వేసే బక్రం అంటించి ఉంటుంది. పీకితే బట్ట మీద జిగురు మచ్చలు మిగులుతాయి.

జేబు తీసేటప్పుడు మాత్రం ఆగండి. దాని కింద బట్ట రంగు చూడండి. చుట్టూ బట్ట ఎండకూ ఉతుకులకూ వెలిసిపోయి ఉంటుంది, జేబు కింద మాత్రం కొత్తగా, ముదురుగా ఉంటుంది. జేబు తీసేసినా జేబు నీడ మిగులుతుంది. నాకు ఈ పనిలో అన్నిటికంటే ఇష్టమైన క్షణం ఇదే. ఆ నీడ మీద ఏమీ కుట్టకండి. ఏ ఎంబ్రాయిడరీ అయినా దాని ముందు తేలిపోతుంది.

అన్నీ విడిపోయాక ఆవిరి పట్టించి ఇస్త్రీ చేసి నేల మీద పరవండి. ముందు భాగాలు రెండు, వీపు ఒకటి, యోక్ పొరలు రెండు, చేతులు రెండు, కఫ్‌లు రెండు, కాలర్ ఒకటి, జేబు ఒకటి: మొత్తం 11 ముక్కలు. పాత కుట్టు ఉన్నచోట సూది కన్నాల వరస కనిపిస్తుంది. ఈ రోజుకు పని ఆపేసే ముందు ఈ ముక్కలను పాత న్యూస్‌పేపర్ మీద పెట్టి, చుట్టూ గీసి, కత్తిరించి దాచుకోండి. బాగా కుట్టిన చొక్కాకు పూర్తి కొలతల పేపర్ కటింగ్ మీకు ఉచితంగా దొరికినట్టే.

ఒకే ఒక్క నియమం పెట్టుకోండి

ముక్కలు చేతికి రాగానే బుర్రలో ఊహలు పరుగెడతాయి. కాలర్ నడుముకు పెడదామా, చేయి వీపు మీద వేలాడదీద్దామా, అన్నీ చేసేద్దామా అనిపిస్తుంది. అన్నీ చేస్తే అది అతుకుల బొంత అవుతుంది. ఇంట్లోవాళ్లు ఆ మాటే అంటారు, వాళ్లది తప్పు కాదు. చూసేవాళ్లకు ఎందుకిలా ఉందో ఒక్క వాక్యంలో అర్థం కావాలి.

మార్జెలా 1990ల మొదట్లో సైనికుల పాత మేజోళ్లు విప్పి, కలిపి, ఒక స్వెటర్ చేశారు. మేజోడు మడమ దగ్గర ముందే ఒక వంపు అల్లి ఉంటుంది కదా, ఆ వంపులను సరిగ్గా మోచేతుల దగ్గరా, ఛాతీ దగ్గరా వచ్చేలా పెట్టారు. మడమ కోసం చేసిన వంపు మోచేతికి పనికొచ్చింది. ముక్కలో ముందే ఉన్న ఆకారాన్ని గౌరవించడం అంటే ఇదే. మన గంగమ్మ జాతరలో మగవాళ్లు చీర కట్టి వేషం వేసినప్పుడు చీర మారదు. ఒళ్లు మారుతుంది, దాంతో చీరనే కొత్తగా చూస్తాం. బట్టను కోయకుండా దాని చోటు మార్చినా చాలని నాకు అక్కడే అర్థమైంది.

మన చొక్కాకు నేను పెట్టే నియమం ఇది: రెండు చొక్కాలు ఒకదాన్నొకటి కలిసిన చోట కుట్టు బయటికి కనిపించాలి, మిగతా అన్నిచోట్లా మామూలు చొక్కాలాగే ఉండాలి. ఒక మనిషి సన్నగా ఉన్నప్పటి ఒళ్లూ, లావైనప్పటి ఒళ్లూ ఒకే చొక్కాలో పక్కపక్కన ఉంటాయి. ఆ రెండూ కలిసే గీత దాచకుండా బయట పెడుతున్నాం.

చిన్న చొక్కాను సగం విప్పడం

చిన్న తెల్ల చొక్కా నుంచి ఎడమ ముందు భాగం, ఎడమ చేయి, కాలర్ తీసేయండి. కుడివైపు పక్క కుట్టును కింది నుంచి మొదలుపెట్టి చంకకు ఒక అంగుళం కిందిదాకా మాత్రమే విప్పండి. యోక్, వీపు, కుడి ముందు, కుడి చేయి అలాగే ఉంటాయి. తీసేసిన ఎడమ ముందు భాగం స్థానంలో చారల చొక్కా ఎడమ ముందు భాగం వస్తుంది.

మగవాళ్ల చొక్కాకు కాజాలు ఎడమవైపు, గుండీలు కుడివైపు ఉంటాయి. కాబట్టి ఎడమ భాగం పెద్ద చొక్కాది పెడితే కాజాలు దానివి, గుండీలు చిన్నదానివి అవుతాయి. రెండింటి మధ్య దూరాలు కలవవు. ఒక గుండీ పెట్టి తర్వాతది పెడితే, మధ్యలో చారల బట్ట కాస్త ఉబ్బుతుంది. దాన్ని సరిచేయకండి, గుండీలు పీకి కొత్తచోట కుట్టకండి. ఆ ఉబ్బు రెండు ఒళ్ల మధ్య తేడా, కొలవగలిగిన తేడా.

కుట్టడం

రెండో ఆదివారం ముందుగా పంచె. కొత్తది అయితే రాత్రంతా నీళ్లలో నానబెట్టి గంజి పోయేదాకా ఉతకండి. పాత చొక్కాలు ఎప్పుడో కుంచించుకున్నాయి. ఉతకని పంచె ముక్క ఇప్పుడు కుడితే రేపు అదొక్కటే కుంచించుకుని పక్కనంతా ముడుచుకుపోతుంది.

ఇప్పుడు కాపు కుట్టు. బయటికి కనిపించబోయే ప్రతి అంచుకూ పావు అంగుళం లోపలగా, సన్న కుట్టు ఒక వరస వేయండి. ఏ రెండు ముక్కలనూ కలపకుండా, ఒక్కొక్క ముక్క మీద విడిగా వేయాలి. ఉతికినప్పుడు అంచు పోగులు లేస్తాయి, సరిగ్గా ఈ కుట్టు దాకా లేచి అక్కడ ఆగిపోతాయి. అంటే అంచుకు ఎంత కుచ్చు కావాలో మీరే నిర్ణయిస్తున్నారు. ఇది వేయకపోతే నాలుగు ఉతుకుల తర్వాత పోగులు అసలు కుట్టు దాకా వచ్చి చొక్కా విడిపోతుంది.

తర్వాత ఈ వరసలో పోండి.

భుజం: చారల ఎడమ ముందు భాగం పై అంచును తెల్ల చొక్కా యోక్‌కు కలపాలి. మామూలుగా మంచి వైపు మంచి వైపుకు ఆనించి కుడతాం కదా, ఇక్కడ లోపలి వైపులు రెండూ ఆనించి కుట్టండి, అప్పుడే అంచులు బయటికి వస్తాయి. పాత సూది కన్నాల వరస మీదే కొత్త కుట్టు పోవాలి. చారల భుజం అర అంగుళమో ముప్పావు అంగుళమో ఎక్కువ వస్తుంది. భుజం మధ్యలో ఒక చిన్న కుచ్చిలి పెట్టి కలిపేయండి. కత్తిరించి సమం చేయొద్దు.

ఎడమ చేయి: చంక గుంట చుట్టుకొలత తీయండి. ముందుభాగం పెద్దదానిది, వెనక చిన్నదానిది కాబట్టి కొత్త కొలత వస్తుంది. నాకు 20 అంగుళాలు వచ్చింది, చారల చేయి పైవంపు 21న్నర ఉంది. ఆ ఒకటిన్నర అంగుళాన్ని భుజం కొసన ఒకే ఒక్క మడతగా పెట్టాను, బయటికి నిలబడేలా. మీ కొలతలు వేరు కావచ్చు. తేడా రెండున్నర అంగుళాలు దాటితే రెండు మడతలు పెట్టండి. ముందు కచ్చా కుట్టు వేసి, వేసుకుని, చేయి పైకెత్తి చూడండి. పట్టేస్తుంటే ఇప్పుడే తెలుస్తుంది.

ఎడమ పక్క: చేయి చివర నుంచి చంక మీదుగా కింది దాకా ఒకే కుట్టు. ఇక్కడ ఎక్కువమంది పొరబడతారు. కింది అంచులు కలిపి గుండుసూదులు పెట్టుకుంటూ పైకి వస్తారు. అలా చేయకండి. చంక దగ్గర కలిపి, అక్కడి నుంచి కిందికి దిగండి. చారల ముందు భాగం తెల్ల వీపు కంటే కిందికి దిగి వేలాడుతుంది. అలాగే ఉండనివ్వండి. తర్వాత చారల చేయి చివర దాని కఫ్ తిరిగి కుట్టండి.

కుడి పక్క: చిన్న చొక్కా ఆడపిల్లల తుంటి దగ్గర పట్టేస్తుంది. అందుకే పంచెతో కలీ, అంటే వెడల్పు కోసం ఒక త్రికోణపు ముక్క, వేస్తాం. పంచె అంచు మీద 6 అంగుళాలు గుర్తు పెట్టి, దాని మధ్య నుంచి విప్పిన పక్క కుట్టు పొడవుకు ఒక అంగుళం కలిపి నిలువుగా గీయండి. త్రికోణం కత్తిరించండి. అంచు కిందికి వస్తుంది. నేసిన అంచులో పోగు లేవదు కాబట్టి మడత అక్కర్లేదు, జరీ గీత చొక్కా కింది చివర కనిపిస్తుంది. ఈ కలీ మన నియమంలో లేదు, ఇది చొక్కా సరిపోవడానికి పెట్టింది. అందుకే దీని కుట్లు లోపలికే వేయండి.

కాలర్: చిన్న చొక్కా కాలర్‌నే తిరిగి పెడతాం. కుడి చివర నుంచి మొదలుపెట్టి మెడ చుట్టూ కుట్టుకుంటూ వస్తే, ఎడమవైపు చివరికి అందదు. చారల మెడ పెద్దది కాబట్టి అర అంగుళమో అంగుళమో కాలర్ లేకుండా మిగులుతుంది. అక్కడ కాపు కుట్టు రెండు వరసలు వేసి వదిలేయండి. పై గుండీ పెట్టుకోవడానికి రాదు. మన ఊళ్లో ఏప్రిల్, మే నెలల్లో ఎవరు పెట్టుకుంటారు గనుక. కాలర్ లోపల నాన్న చొక్కా కుట్టిన టైలర్ లేబుల్ ఉంటే పీకకండి. దాన్ని బయటికి తిప్పి, ముందు దాచిన పాత దారంతోనే నాలుగు మూలలా చేత్తో కుట్టండి. ఆ దారం మళ్లీ మెషీన్‌కు పనికిరాదు, చేతికి వస్తుంది. మార్జెలా గుర్తును కాపీ కొట్టినట్టు కాకుండా, నాలుగు కుట్లు మీకు నచ్చినట్టు వేయండి, అడ్డంగానో ఐమూలగానో.

బయటి అంచులను ఎవరికీ ఓవర్‌లాక్‌కు ఇవ్వకండి. నేను మొదటిసారి కుట్టినప్పుడు, లోపలి కుట్లకు మాత్రం ఓవర్‌లాక్ వేయమని ఒక షాపులో ఇచ్చాను. సాయంత్రం తీసుకోవడానికి వెళ్తే బయటి అంచులన్నీ నీట్‌గా కత్తిరించి, చుట్టూ తెల్లదారం చుట్టి ఇచ్చారు. మర్చిపోయారనుకున్నాం అన్నారు. వాళ్ల వైపు నుంచి అది సాయమే. నాకు మాత్రం రెండు రోజుల పని పోయింది. భుజం మీది మడత కూడా తెగిపోయింది. లోపలి కుట్లకు మీ మెషీన్‌లో జిగ్‌జాగ్ ఉంటే అది చాలు, లేకపోతే అంచు మడిచి రెండో వరస వేయండి.

ఉతకడం, వేసుకోవడం

మొదటి ఉతుకు చేత్తోనే, బకెట్ నీళ్లలో. మెరూన్ దారం రంగు దిగుతుందేమో ముందే ఒక మూర దారం తెల్లగుడ్డలో చుట్టి వేడినీళ్లలో ముంచి చూసుకోండి. ఆరేశాక బయటి అంచులు మెత్తగా, పావు అంగుళం కుచ్చుగా లేచి ఉంటాయి. మరీ పొడుగు పోగులు ఉంటే కత్తెరతో కొసలు తీయండి, లాగకండి.

ఇంట్లో ఏమంటారో నాకు తెలుసు. మా అమ్మ మొదటిసారి చూసి, "ఏమ్మా ఇట్లా చినిగిన చొక్కా ఏసుకున్నావు, మనకేమన్నా బట్టల్లేవా?" అంది. చిరిగిన బట్ట కడితే దరిద్రం అని మన పెద్దవాళ్లు నమ్ముతారు. కట్టుకోవడానికి నిజంగా లేని రోజులు చూసినవాళ్లు కాబట్టి ఆ మాట వెనక బాధ ఉంది. నేను వాదించలేదు. చొక్కా తీసి ఆమె చేతిలో పెట్టి, భుజం దగ్గర కాపు కుట్టు చూపించాను. అమ్మ వేలితో ఆ కుట్టు వెంట పోయి, పోగు లాగి చూసింది. రాలేదు. "గట్టిగానే కుట్టినావు" అంది. మీ ఇంట్లోనూ మాటలకంటే ముందు కుట్టు చూపించండి. అయినా గుడికి, పెళ్లికి ఇది వేసుకుని వెళ్లకండి. కాలేజీకి, పనికి, సాయంత్రం బజారుకు సరిపోతుంది.

మిగిలిన ముక్కలు, తర్వాతి పని

పెద్ద చొక్కా నుంచి ఎడమ ముందు భాగం, ఎడమ చేయి, దాని కఫ్ వాడాం. ఇంకా ఎనిమిది ముక్కలు మిగిలాయి, చిన్నదాని నుంచి ఇంకొన్ని. టేపు మీది పేర్లు తీయకుండా ఒకే సంచిలో పెట్టండి. కుడి, ఎడమ అటూ ఇటూ మార్చి ఇంకో చొక్కాకు ప్రయత్నించొచ్చు. అయితే అప్పుడు గుండీలు, కాజాలు ఎటు వస్తాయో ముందే కాగితం మీద గీసుకోండి.

రెండో పనిగా చాలామంది పెళ్లి రిసెప్షన్ కోటు విప్పుతామంటారు. విప్పండి గానీ, ఒక చొక్కా పూర్తయ్యాకే. కోటు లోపల కాన్వాస్, భుజాల మెత్తలు, లైనింగ్ ఉంటాయి, ఒక్కొక్కటీ వేరే పాఠం.

నన్నడిగితే, కోటు కంటే ముందు అమ్మ పాత జాకెట్టు చూడండి. చీర మీదికి వేసుకునే మామూలు జాకెట్టే. దాన్ని తిరగేసి పక్క కుట్టు దగ్గర పట్టుకోండి. మన టైలర్లు లోపల అంగుళం, అంగుళంన్నర బట్ట ఎక్కువ వదిలి, మూడు నాలుగు వరసల కుట్లు వేస్తారు. ఒళ్లు వచ్చిన కొద్దీ లోపలి వరస ఒకటి విప్పుకుంటే జాకెట్టు వదులవుతుంది. విప్పడానికి వీలుగా కుట్టడం మన దగ్గర ఎప్పటినుంచో ఉంది. విప్పిన వరసల దగ్గర సూది కన్నాలు మిగులుతాయి, మధ్యలో బట్ట రంగు కాస్త ముదురుగా ఉంటుంది. ఎన్ని వరసలు విప్పారో లెక్కపెట్టండి. ఒక్కొక్కటి ఎప్పుడు విప్పిందో అమ్మను అడగండి. మొదటిది నువ్వు పుట్టాక అని చెప్పొచ్చు. ఆ వరసల మధ్య దూరం టేపుతో కొలిచి పుస్తకంలో రాసుకోండి, కొత్త బట్ట మీద మెరూన్ దారంతో అవే దూరాల్లో బయటివైపు వరసలు వేసి చూడండి. అమ్మ జాకెట్టుకు మాత్రం కత్తెర పెట్టకండి. చూసిన మడతల్లోనే మడిచి మళ్లీ బీరువాలో పెట్టేయండి.